చేపకు ఆరు ఋతువులు, నివేదికకు ఒక్కటే

చేపలకూ ఋతుధర్మం ఉంటుందని మన ప్రభుత్వానికి తెలియదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తెలుసు, బాగానే తెలుసు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేట నిషిద్ధం. 2015కు ముందు అది 47 రోజులే ఉండేది. అది గుడ్లు పెట్టే కాలమని, తల్లి చేపను వదిలితేనే పిల్ల చేప మిగులుతుందని అధికారులే ఊరూరా తిరిగి చెబుతారు, ఆ రెండు నెలలకూ భృతి ఇస్తారు. ఉద్దానం తీరంలో, వజ్రపుకొత్తూరు మండలం నుంచి ఇచ్ఛాపురం దాకా, ఆ రోజుల్లో పడవలు ఇసుకలో వరసగా పడుకుని ఉంటాయి. సముద్రానికి ఒక కాలధర్మం ఉందని ఒప్పుకున్న ఈ రాజ్యం, ఒడ్డు దాటి రెండు మైళ్ళు లోపలికి వచ్చేసరికి ఆ సంగతి ఎలా మరిచిపోతుందన్నదే నా ప్రశ్న.

రెండు మైళ్ళ లోపల ఉన్నది తంపర. ఉత్తరాంధ్ర ఎరుగని మిత్రుల కోసం కాస్త వివరిస్తాను. టెక్కలికి తూర్పున, నౌపడ, కాకరాపల్లి, సంతబొమ్మాళి, తేలినీలాపురం గ్రామాల నడుమ పల్లంగా పరచుకున్న చిత్తడినేలను మా వైపు తంపర అంటారు. ఇంకా ఉత్తరాన, సోంపేట పక్కన ఇలాంటిదే మరొకటి ఉంది; దాన్ని బీల అంటారు. రెండు మాటలూ నిఘంటువుల్లో వెతికితే సరిగా దొరకవు. పల్లపు నీటికి మనకున్న పేర్లన్నీ చెరువు, కుంట, మడుగు అంటూ ఏడాది పొడవునా ఒకేలా ఉండే నీటికి పెట్టినవి. తంపర అలాంటిది కాదు. అది నెలకో రూపం ధరిస్తుంది.

వైశాఖంలో చూస్తే తంపర తెల్లగా ఉంటుంది. నేల బీటలు వారి, బీటల అంచున ఉప్పు పూసి, మధ్యాహ్నపు ఎండకు కళ్ళు చెదురుతాయి. నౌపడ ఉప్పు మడుల పక్కన రాశులు పోసి, తాటాకులు కప్పి ఉంటాయి. నౌపడ ఉప్పు ఇవాళ్టి మాట కాదు. కుంఫిణీ పోయి రాణిగారి పాలన వచ్చిన తరువాత కూడా ప్రభుత్వ ఉప్పుశాఖకు ఇది పేరున్న చోటే. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వేసిన పర్లాకిమిడి రాజావారు కూడా ఈ తెల్లటి నేల అంచునుంచే దాన్ని బయలుదేరదీశారు. జ్యేష్ఠం చివర మొదటి వానలు. టెక్కలి వైపు కొండల మీదినుంచి గెడ్డలు దిగుతాయి. ఉప్పు కరిగి కొట్టుకుపోతుంది. ఆషాఢం నడిమికల్లా మోకాలి లోతు మంచినీరు, శ్రావణ భాద్రపదాలకు తుంగ, తామర, నాచు. ఆశ్వయుజ కార్తికాలు తుపానుల కాలం. నీరు గరిష్ఠానికి చేరి, భావనపాడు వైపు ఉన్న పాయ గుండా సముద్రంలోకి దిగడం మొదలుపెడుతుంది. మార్గశిరం నాటికి నీరు తగ్గుతుంది, పోటు వేళల్లో సముద్రం లోపలికి వస్తుంది, రుచి మారుతుంది. మాఘం వచ్చేసరికి మళ్ళీ మడులు కట్టి ఉప్పు పండించేవాళ్ళు దిగుతారు. ఒకే నేల ఏడాదిలో చేపల చెరువుగా, పశువుల బీడుగా, ఉప్పు కొటారుగా మూడు జన్మలెత్తుతుంది.

ఇక చేపల సంగతి. మృగశిర కార్తె ప్రవేశించిన నాడు చేప తినాలన్న పట్టుదల మన ఇళ్ళలో ఉంది. హైదరాబాదులో బత్తిని వారి చేపమందు కూడా ఆ నాడే ఇస్తారు, ఆ మందును గొంతులోకి మోసుకుపోయేది కొర్రమీను పిల్లే. (మందు పనిచేస్తుందా లేదా అన్న వాదన ఇక్కడ వద్దు, ఎన్నేళ్ళు చర్చించినా తేలదు.) సరిగ్గా ఆ కార్తెలోనే తంపర అంచున కొర్రమీనుకు జీవితం మొదలవుతుంది. వేసవి అంతా గెడ్డ మడుగుల్లో, తడి మిగిలిన బురదలో ఊపిరి బిగబట్టుకున్న చేప, కొత్త నీరు రాగానే లోతులేని అంచులకు వస్తుంది. గడ్డి మధ్య చిన్న జాగా శుభ్రం చేసుకుని గుడ్లు వదులుతుంది. అవి నీటి మీద తేలతాయి. పిల్లలు పుట్టాక ఎర్రటి గుంపుగా పైన కదులుతుంటే తల్లిదండ్రులు కింద కాపలా తిరుగుతాయి. కొర్రమీనుకు గాలి పీల్చే శక్తి ఉంది కాబట్టి ప్రాణవాయువు తక్కువైన నీటిలోనూ బతుకుతుంది. మట్టగిడస దాని చిన్న తమ్ముడు. మార్పు చేప మరీ మొండిది, వాన రాత్రి తడి గడ్డి మీద పాకుతూ ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకు పోగలదు. ఇంగిలాయి ముల్లు గుచ్చుకున్నవాడు ఆ రాత్రి నిద్రపోడు. జెల్లలు, పరిగెలు గుంపులుగా గెడ్డలకు ఎదురెక్కుతాయి.

ఇవన్నీ మంచినీటి చేపలు. వీటికి ఎదురుగా సముద్రం నుంచి వచ్చే బంధువులు వేరే ఉన్నాయి. వాటిలో పండుగొప్ప కథ నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం. అది గుడ్లు పెట్టేది ఉప్పునీటిలో, మొగల దగ్గర. పిల్లలు పోటుతో పాటు పాయల్లోకి వచ్చి, వానాకాలంలో మంచినీటి చిత్తడిలోకి దాకా పోయి పెరుగుతాయి. పెరిగాక గుడ్లు పెట్టడానికి మళ్ళీ ఉప్పునీటికి తిరిగిపోవాలి. మొదట మగచేపగా బతికి, పెద్దయ్యాక ఆడచేపగా మారే జాతి అది. అంటే మొగ నాలుగైదేళ్ళ పాటు మూసుకుపోతే పోయేది ఆ ఏటి పిల్లలు మాత్రమే కాదు, ముందు ముందు తల్లులు కావలసినవి కూడా. ఇలాంటి ప్రయాణమే చేసేది మరొకటి కూడా ఉంది: మలుగుపాము మంచినీటిలో ఏళ్ళతరబడి పెరిగి, గుడ్లు పెట్టడానికి సముద్రానికి పోతుంది, మళ్ళీ వెనక్కి రాదు. రొయ్య పిల్లలు పాయలోకి వచ్చి బలిసి బయటికి పోతాయి.

కాబట్టి చేప ఎక్కడ ఉంటుంది అని అడిగితే సరైన ప్రశ్న కాదు. ఏ నెలలో ఎక్కడ ఉంటుంది అని అడగాలి. మంచినీటి చేప శ్రావణంలో పాయ మొగ దాకా కనిపిస్తుంది, ఎంచేతంటే అప్పుడు మంచినీరే మొగ దాకా తోసుకొస్తుంది. అదే చేప మాఘంలో గెడ్డలో మిగిలిన నాలుగు మడుగుల్లో తలదాచుకుంటుంది. ఆ నాలుగు మడుగులూ లేకపోతే మరుసటి శ్రావణానికి మొగ దగ్గర చేప లేదు. మొగ లేకపోతే తంపరలో పండుగొప్ప లేదు. చోటుకీ చోటుకీ నడుమ ఉన్న దారే వీటి ఇల్లు.

ఈ మాత్రం సంగతి మా వైపు విసురు వల పట్టిన ప్రతివాడికీ తెలుసు. తెలియనిది నివేదికలకు.

ఏ పెద్ద పరిశ్రమ వచ్చినా ముందు పర్యావరణ ప్రభావం అంచనా వెయ్యాలని 1994లో నియమం వచ్చింది. ఆ నియమంలోనే 'సత్వర' నివేదికకు వానాకాలం కాని ఒక్క ఋతువు సమాచారం చాలునన్న వెసులుబాటు ఉంది. 2006లో కొత్త ప్రకటన వచ్చింది, ఆనవాయితీ మాత్రం పోలేదు. 2020లో ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసిన ముసాయిదాలో కూడా, నదీలోయ ప్రాజెక్టులు తప్పించి తక్కినవాటికి వానాకాలం మినహా ఒక్క ఋతువు కొలతలు చాలునని రాశారు. ఈ నియమానికి ఒక తర్కం ఉంది, దాన్ని కాదనను. వాన పడితే గాలిలో ధూళి కడుక్కుపోతుంది. పొగగొట్టం వల్ల ఎంత హాని అని లెక్కించేవాడు వానాకాలంలో కొలిస్తే గాలి నిర్మలంగా కనిపించి మోసపోతాడు. గాలిని కొలిచేవాడికి వానాకాలం వద్దనడం సబబే. కానీ ఆ గాలి నియమాన్ని తెచ్చి నీటి మీద పెడితే ఏమవుతుంది? తంపరను వైశాఖంలో చూసి, వృక్షజాలం శూన్యం, జలచరాలు శూన్యం, నేల బంజరు అని రాస్తారు. రాసినవాడు అబద్ధం ఆడలేదు. ఆ రోజున అతని కంటికి కనిపించింది అదే. పెళ్ళివారు వెళ్ళిపోయిన మరునాడు విడిదికి వచ్చి, ఇక్కడ మనుషులెవరూ ఉండరని రాసుకుపోయినట్టు ఉంటుంది.

'బంజరు' అన్న ఆ ఒక్క మాట ఖరీదు మా జిల్లా చెల్లించింది. సోంపేట బీలలో బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టబోతే, 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. అది బంజరు కాదు, చిత్తడినేల అని ఊళ్ళవాళ్ళు మొదటినుంచీ మొత్తుకుంటున్న మాటకే చివరికి విలువ దక్కింది. తీర్పు ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే అన్న ఊహ ఇప్పటికీ మనసులో మెదులుతుంది. ఏడు నెలలు తిరిగేసరికి, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లి తంపర పక్కన వడ్డితాండ్రలో అదే దృశ్యం. అక్కడ కట్టబోయింది కూడా బొగ్గు కేంద్రమే, అక్కడా ప్రాణాలు పోయాయి. కేంద్ర పర్యావరణ శాఖ పనులు ఆపమంది. తరువాత ఏళ్ళతరబడి నడిచిన వ్యవహారంలో తంపర కొంత మేర పూడింది, ఆ కేంద్రం నుంచి కరెంటు మాత్రం రాలేదు. రెండు చోట్లా వాదన ఒక్కటే: ఒకరు వేసవిని చూపించారు, ఇంకొకరు వర్షాన్ని చూపించారు. వేసవికి సంతకాలున్నాయి, వర్షానికి లేవు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2017లో వచ్చిన చిత్తడినేలల నియమాల్లో ఏది చిత్తడినేల కాదో ఒక జాబితా ఇచ్చారు. వరి పొలాలు కావు, ఉప్పు పండించడానికి కట్టిన మడులు కావు, చేపల పెంపకానికి తవ్విన చెరువులు కావు. నియమం ఎవరి భయం పోగొట్టడానికి అలా రాశారో ఊహించగలను. రైతు వరి చేలో ఇల్లు కట్టుకుంటానంటే అడ్డం రాకూడదన్న ఆలోచన కావచ్చు. కానీ తంపరలో ఒక భాగం మాఘంలో ఉప్పు మడి, భాద్రపదంలో కొర్రమీను పురిటిగది. దాన్ని ఏ గడిలో రాస్తారు? చట్టానికి భాద్రపదం అంటే ఏమిటో చెప్పేవాడు లేడు.

ఇప్పుడు రేవు దగ్గరికి వద్దాం. భావనపాడులో కొన్ని దశాబ్దాల కిందట చేపల రేవు ఒకటి కట్టారు. రెండు రాతిగోడలు సముద్రంలోకి పోశారు. తూర్పు తీరం మీద ఇసుక ఊరికే ఉండదు. నైరుతి ఋతుపవనాల అలలు ఏటా దాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతుంటాయి. అడ్డంగా గోడ కడితే దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. విశాఖలో రేవు కట్టిన నాటినుంచీ ఇసుక తవ్వి ఉత్తరాన బీచికి పోయడం ఎన్నటికీ తీరని పనిగా ఉందని మనకు తెలిసిందే. భావనపాడులో అలా తవ్వేవాళ్ళు లేరు. మొగలో మేట పడింది, రేవు పనికిరాకుండా పోయింది. పడవల వాళ్ళు మళ్ళీ ఇసుక మీదికే లాక్కున్నారు. అంతకన్నా తక్కువ మంది గమనించినది, ఆ మేటతో పాటు తంపర గొంతు కూడా సన్నబడిందన్న సంగతి. పడవకు దారి లేని చోట పండుగొప్ప పిల్లకు కూడా దారి ఇరుకే.

2023 ఏప్రిల్ 19న భావనపాడు పక్కనే, సంతబొమ్మాళి మండలం మూలపేటలో పెద్ద రేవుకు శంకుస్థాపన జరిగింది. తొలి దశలో నాలుగు బెర్తులు, ఏటా 2 కోట్ల 35 లక్షల టన్నుల సరుకు దించే సామర్థ్యం అని లెక్క. మూలపేట, విష్ణుచక్రం గ్రామాలవాళ్ళను తరలించి నౌపడ దగ్గర పునరావాసం చూపించారు. రేవు రాకూడదని నేను అనడం లేదు. ఆ మాట అనే హక్కు పొట్ట చేతపట్టుకుని ఊరు విడవని నాకు ఎంతమాత్రం ఉందో అన్న సందేహం నాకుంది. 2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు పోయి పాకిస్తాన్ వాళ్ళకు చిక్కి, 2020 జనవరిలో విడుదలై ఇల్లు చేరిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల సంగతి మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. 2025లో 'తండేల్' సినిమా వచ్చాక మరీ. ఇంటి ముందు సముద్రం ఉన్నవాడు పదిహేను వందల కిలోమీటర్ల అవతల ఇంకొకరి పడవలో ఎందుకు కూలికి పోతాడు? ఇక్కడ రేవు లేదు, చేప తగ్గింది అని రెండు జవాబులు చెబుతారు. మొదటి జవాబుకు మూలపేట సమాధానం అంటున్నారు. రెండో జవాబును మూలపేట ఇంకా కఠినం చెయ్యకుండా చూడాలన్నదే నా వాదన.

ఎలా కఠినం చేస్తుందో చెబుతాను. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. రెండూ కలిసే చోట మంచినీరు పైన పొరగా తేలి సముద్రంలోకి పోతుంటే, ఉప్పునీరు అడుగున చీలలాగా లోపలికి దూరుతుంది. పాయ ఎంత లోతైతే ఆ చీల అంత లోపలికి పోతుంది. ఓడల కోసం అడుగు తవ్విన ప్రతి రేవు దగ్గరా ఇది జరిగే పనే. తవ్వకం పాయను తాకినా, పాయకు దారి మళ్ళించినా, శ్రావణంలో మంచినీరుగా ఉండవలసిన తంపర అంచు ఉప్పెక్కుతుంది. అప్పుడు కొర్రమీనుకు నాలుగు నెలలున్న పురిటి కాలం మూడు నెలలో రెండు నెలలో అవుతుంది. చేప ఒక్కసారిగా చావదు. ఏటికేడాది వల తేలికవుతుంది. అందుకే ఎవరూ దాన్ని ప్రమాదంగా గుర్తించరు, ఎవరి మీదా కేసు ఉండదు.

రెండోది రోడ్డు. జాతీయ రహదారి నుంచి రేవుకు రోడ్డు, నౌపడ నుంచి రైలుమార్గం రావాలి. పల్లపు నేలలో వాటికి కట్టలు పోయాలి. కట్ట కింద నీరు పోవడానికి తూములు పెడతారు. ఇంజనీరు లెక్క ప్రకారం వరద నీరు ఎంతసేపట్లో దిగాలో అంత వెడల్పు. చేప లెక్క వేరు. తూము అడుగు అవతలి నీటి కన్నా జానెడు ఎత్తున ఉంటే పరిగె ఎక్కలేదు. గొట్టం సన్నమై నీరు దూకుతూ వస్తుంటే వేలెడు చేపపిల్ల ఎదురీదలేదు. తూము అడుగును గెడ్డ మట్టానికి కాస్త కిందుగా దించి, కొంచెం వెడల్పు చేస్తే రెండు లెక్కలూ కుదురుతాయి. దానికయ్యే అదనపు ఖర్చు, రేవు ఖర్చులో కనబడనంత. కానీ గీత గీసే నాడు ఎవరో ఒకరు చేప మాట ఎత్తాలి. వైశాఖపు నివేదికలో చేపే లేకపోతే మాట ఎవరెత్తుతారు?

పాడైన రేవుల్లో చేపల కదలికలను ఋతువుల వారీగా చదవడం లోకంలో కొత్త విద్య ఏమీ కాదు. కెనడాలో ఒంటారియో సరస్సు పడమటి కొసన హామిల్టన్ రేవు ఉంది. ఉక్కు కర్మాగారాల మడ్డి, ఊరి మురుగు కలిసి పాడైపోయిన నీరు. అమెరికా కెనడాలు కలిసి మహాసరస్సుల మీద బాగుచేసి తీరవలసిన 43 చోట్లను గుర్తించాయి, వాటిలో అదొకటి. అక్కడి శాస్త్రజ్ఞులు చేప కడుపులో మాత్రంత శబ్దపరికరం అమర్చి కుట్టేసి వదిలారు. నీటి అడుగున చెవులు పెట్టి ఏడాది పొడవునా విన్నారు. వేసవిలో ఆ రేవు అడుగు నీటిలో ప్రాణవాయువు అడుగంటుతుంది, చేపకు మిగిలేది పై పొరా, ఒడ్డు పల్లాలూ. చలికాలపు విడిది వేరే చోట. పక్కనున్న చిత్తడిలోకి వసంతంలో గుడ్లు పెట్టడానికి పోయే దారి మరొకటి. అక్కడ 1997 నుంచి ఒక చేపల ద్వారం నడుపుతున్నారు. నేలను కెలికి పాడుచేసే కార్పు చేపను ఆపి, తక్కిన చేపలను లోపలికి వదులుతారు. మనిషి చేతితో చేపలను ఎంచి దాటించే పనికి అంత ఓపిక పెట్టారంటే, ఎక్కడ ఏ నెలలో దారి కావాలో వాళ్ళకు తెలుసు కాబట్టే.

అంత దూరం పోనక్కరలేదంటారా? ఇచ్ఛాపురం దాటి కొంత దూరం పోతే చిలికా. ఆ సరస్సు మొగ పూడి, ఉప్పదనం పడిపోయి, నాచు కమ్మి, 1993లో అంతర్జాతీయంగా ప్రమాదంలో ఉన్న చిత్తడినేలల జాబితాకెక్కింది. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు. 1999-2000లో 1,700 టన్నుల పైచిలుకు ఉన్న చేపల పట్టుబడి 2001-02కల్లా 12,000 టన్నుల దరికి వచ్చింది. 2002లో ఆ జాబితా నుంచి పేరు తీసేశారు. అక్కడ వల లాగేవాళ్ళలో మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. ఎక్కడ తవ్వాలో చెప్పగలిగింది ఉప్పదనాన్ని నెలనెలా కొలిచినవాళ్ళు. తవ్వకం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదని కూడా చిలికా చెబుతుంది: అక్కడ ఉప్పు తగ్గి చేప పోయింది, తంపరలో ఉప్పు పెరిగి పోవచ్చు. కొలవకుండా ఇటూ అటూ వాదించేవాళ్ళిద్దరినీ నేను నమ్మను.

మన తీరంలో ఈ లెక్క ఇప్పటిదాకా నిజాయితీగా రాస్తున్నవి పక్షులే. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు తొలకరితో వస్తాయి. తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు శరత్తులో వచ్చి, పిల్లలను లేపుకుని, వేసవి ముదిరేలోగా పోతాయి. ఇవి సైబీరియా నుంచి వస్తాయని పత్రికలు ప్రతి ఏడూ రాస్తాయి, బడి పిల్లలు వ్యాసాల్లో రాస్తారు. గూడబాతు గానీ ఈ కొంగలు గానీ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు; వాటికి సైబీరియాతో పని లేదు. సైబీరియా మాట వల్ల ఒక నష్టం ఉంది. అంత దూరం నుంచి అతిథులు ఈ ఊరి చింతచెట్ల కోసం వచ్చారని మురిసిపోతాం, ఆ చెట్ల నుంచి రెక్క చాచినంత దూరంలో నీరు తగ్గుతూ చేప చిక్కబడే తంపర ఉందన్న అసలు కారణం వెనక్కి పోతుంది. కార్తికం తరువాత నీరు దిగుతుంటే చేప మడుగుల్లో ఇరుకవుతుంది, గూడబాతుకు ముక్కు ముంచితే చాలు. పిల్లల ఆకలి ఆ నెలలకే సరిపోయేటట్టు గూడు కట్టుకుంటుంది. చెట్టుకు కంచె వేసి నీటిని వదిలేస్తే, రేపు మనకు మిగిలేది కంచె.

నేను అడిగేవి పెద్దవేం కావు. తీరంలో, చిత్తడినేలల్లో కట్టే దేనికైనా వానాకాలపు కొలతలు లేనిదే అనుమతి ఇవ్వకూడదు; గాలికి ఒక ఋతువు చాలుననుకుంటే సరే, నీటికి ఏడాది కావాలి. మూలపేట రేవు వెనుక పాయలో, తంపరలో ఉప్పదనాన్నీ చేపలనూ నెలనెలా కొలిచి, ఆ అంకెలు ఎవరైనా చూసేలా తెలుగులో పెట్టాలి. ఇసుక తవ్వకం ఎప్పుడైనా తప్పదంటే చేపపిల్లలు లోపలికి వచ్చే ఆషాఢ శ్రావణాలను వదిలిపెట్టి తవ్వాలి. సముద్రంలో 61 రోజులు పడవనే ఆపగలిగిన ప్రభుత్వానికి తవ్వే యంత్రాన్ని రెండు నెలలు ఆపడం కష్టం కాదు. గెడ్డల్లో వేసవి మడుగులను పూడ్చకూడదు. ఆ మడుగులు చూడ్డానికి దోమల గుంటల్లా ఉంటాయి, పంచాయతీలు ఉత్సాహంగా పూడుస్తాయి.

ఎవరు కొలవాలి అంటారేమో. పలాసలో, టెక్కలిలో డిగ్రీ కళాశాలలున్నాయి, ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం ఉంది. జంతుశాస్త్రం చదివే పిల్లలు కప్పను గీసే బదులు పాయ దగ్గర ఉప్పదనం కొలవవచ్చు. ఏ చేప ఏ నెలలో ఎక్కడ దొరికేదో చెప్పే వృద్ధులు బెస్త వాడల్లో, కండ్ర వీధుల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళ దగ్గర కూర్చుని పేర్లు రాసుకోవాలి. ఒక్క జెల్లకే ఎన్ని పేర్లున్నాయో వింటే మన నిఘంటుకారులు సిగ్గుపడతారు. ఈ జాలంలో రాసే మీలో కొల్లేటి వైపు వాళ్ళున్నారు, పులికాటు వైపు వాళ్ళున్నారు. ఉప్పుటేరు ఏ నెలలో ఎటు పారుతుందో, రాయదొరువు మొగ ఏ ఏట ఎంత పూడిందో మీకు నాకన్నా తెలుసు. మీ ఊరి నీటికి కూడా ఇలాంటి పన్నెండు నెలల పట్టిక ఒకటి రాయండి, చదవాలని ఉంది.

మూలపేట పట్టిక వచ్చే మృగశిరకు మొదలుపెట్టినా, ఆ పై మృగశిరకు పూర్తవుతుంది. పన్నెండు వరసలు, నాలుగైదు నిలువు గళ్ళు: పోటు వేళ మొగ దగ్గర ఉప్పదనం, తంపర నడుమ నీటి లోతు, గెడ్డలో మిగిలిన మడుగులు, ఆ రోజు వలలో పడిన చేపల పేర్లు, వాటిలో గుడ్డుతో ఉన్నవెన్ని.